ఇంటికొచ్చే వైద్యంలో రోగి మాట వినేదెవరు?

సంపాదకుల వారికి,

మంచం పట్టిన వారికి ఇంటి వద్దే వైద్యసేవ అందడం మన దగ్గర ఇప్పుడు కొత్త విషయం కాదు. తెలంగాణలో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలు ఊళ్లకు వెళ్తున్నాయి. పట్టణాల్లో ప్రైవేటు ఏజెన్సీలు నెలవారీ లెక్కన నర్సులను పంపుతున్నాయి. వీటి ఖర్చు గురించి అందరూ మాట్లాడుతున్నారు గానీ, గడప దాటి లోపలికి వెళ్లిన డాక్టరు, నర్సు అక్కడ ఎవరి మాట వినాలన్నది మాత్రం చర్చకు రావడం లేదు. పాలియేటివ్ కేర్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఇదే అన్నిటికన్నా చిక్కు ప్రశ్నగా తోస్తుంది.

ఆ చిక్కు సాధారణంగా చెప్పులు విడిచే చోటే మొదలవుతుంది. కొడుకో కోడలో ఎదురొచ్చి, “లోపల క్యాన్సర్ అనే మాట ఎత్తకండమ్మా, నాన్నకు పేగులో పుండు అని చెప్పాం” అని గొంతు తగ్గించి చెబుతారు. ఒక ఇంట్లో ఆస్పత్రి పేరు కనబడకుండా ఫైలుకు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు. కొడుకు మందుల దుకాణానికి వెళ్లిన సమయంలో ఆ పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచి, రేడియేషన్‌కు తీసుకెళ్లిన రోజే తనకు సంగతి అర్థమైందనీ, పిల్లలు బెంగపెట్టుకుంటారని ఏమీ తెలియనట్టు ఉంటున్నాననీ, ఓపిక ఉండగానే ఊళ్లో ఉన్న చెల్లెలిని చూడాలని ఉందనీ చెప్పారు. అడగడానికి కూడా వీల్లేని కోరిక అది. అడిగితే ఎందుకని ఇంట్లోవాళ్లు ప్రశ్నిస్తారు కదా.

రోగి పరిస్థితిని డాక్టరు ఎక్కువ చేసి గానీ తక్కువ చేసి గానీ చెప్పరాదని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి స్పష్టంగానే చెబుతోంది. అయితే ఆ విషయం తెలియవలసిన వారిగా రోగినీ, బంధువులనూ, బాధ్యత గల మిత్రులనూ ఒకే వాక్యంలో పేర్కొన్నందువల్ల, ఆచరణలో బంధువులకు చెబితే చాలునన్న వాడుక స్థిరపడిపోయింది. అడగని రోగికి జబ్బు పేరు బలవంతాన వినిపించాలని నేను అనను. కానీ అడిగిన రోగికి అబద్ధం చెప్పమని నర్సును కోరే హక్కు మాత్రం, జీతం ఇచ్చేవారైనా సరే, ఎవరికీ లేదు.

తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ విషయంలోనూ ఇదే తంతు. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణతో ఈ మందును వైద్యానికి సమకూర్చుకోవడం కొంత సులువైనా, అలవాటైపోతుందన్న భయంతో రాసిన మోతాదును సగానికి తగ్గించి ఇచ్చే కుటుంబాలున్నాయి. రాత్రిళ్లు తమ నిద్ర చెడుతోందని, రాసిన దానికి మించి ఇచ్చి పడుకోబెట్టమనే కుటుంబాలూ ఉన్నాయి. వార్డులో అయితే పక్కన మరో సిస్టర్, పిలిస్తే వచ్చే డ్యూటీ డాక్టరు ఉంటారు. ఇంట్లో ఆ రాత్రి కాదనవలసింది నర్సు ఒక్కతే.

అంతకన్నా ఇబ్బంది ఆస్తి కాగితాలతో వస్తుంది. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి కాబట్టి, చేతికందే మనిషి నర్సే కాబట్టి, సంతకం పెట్టమంటారు. రోగి స్పృహలోనే, తెలివిగానే ఉన్నాడని సర్టిఫికెట్ రాసివ్వమని డాక్టరును అడుగుతారు. మగతలో ఉన్న మనిషి బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించబోతే వైద్య సిబ్బంది అక్కడి నుంచి లేచి రావాలన్నదే నా అభిప్రాయం. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో మంచానికి ఎదురుగా కెమెరా పెడుతున్నారు. వారి ఆందోళన అర్థం చేసుకోదగినదే అయినా, తల్లికి ఒళ్లు తుడిచి డైపరు మార్చేటప్పుడు కూడా అది నడుస్తూ ఉండటానికి ఆ తల్లి ఒప్పుకున్నదా అని అడిగినవారిని నేను చూడలేదు.

జీవితపు చివరి దశలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందుగానే రాసి పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, ఆ విధానాన్ని 2023లో సులభతరం చేసింది. కానీ దాని అమలు ఆస్పత్రి ఏర్పాటు చేసే రెండు వైద్య బోర్డుల మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లోనే కన్నుమూయాలనుకుని, ముక్కులో గొట్టం వద్దని తల తిప్పుకునే వృద్ధురాలి విషయంలో ఆమెను చూసే డాక్టరు ఏ బోర్డును ఆశ్రయించాలి?

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, వైద్య, నర్సింగ్ మండళ్లనూ కోరేదేమిటంటే, ఇంటికి సిబ్బందిని పంపే ప్రతి ఏజెన్సీకీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలి. నర్సింగ్ చదవని కేర్‌టేకర్‌ను నర్సుగా చూపి పంపడాన్ని నేరంగా పరిగణించాలి. మొదటి రోజున కుటుంబసభ్యులు లేకుండా రోగితో పది నిమిషాలు మాట్లాడి, తన జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో, తన తరఫున ఎవరు నిర్ణయించాలని కోరుకుంటున్నారో కేసు షీటులో రాయించాలి. రాత్రివేళ నర్సు ఫోను చేస్తే సలహా ఇచ్చే సీనియర్ డాక్టరు ఒకరు ప్రతి జిల్లాలో అందుబాటులో ఉండాలి. ఇందుకు కొత్త భవనాలేమీ అక్కరలేదు, ఇప్పుడున్న పాలియేటివ్ కేర్ కేంద్రాలకే ఆ బాధ్యత అప్పగించవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
హనుమకొండ