ముఖ్యమంత్రి గారూ, ముందు బస్టాండ్ డ్యూటీ కానిస్టేబుల్ సంగతి చూడండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

హోంశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఉగ్రవాదం మా సూర్యాపేటోళ్లకు టీవీలో చూసి మర్చిపోయే సంగతి కాదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక హైటెక్ బస్టాండ్‌లో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు ప్రాణాలు పోయాయి. 4వ తేదీన మోత్కూరు మండలం జానకీపురంలో ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు, ఇంకో కానిస్టేబుల్ కూడా పోయాడు. బుల్లెట్లు తగిలిన ఎస్సైని హైదరాబాద్ తీసుకెళ్లినా 7న కన్నుమూశారు. కాల్చినవాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి పారిపోయిన ఉగ్రవాద కేసుల నిందితులని తర్వాత తెలిసింది. ఏడాదిన్నర ఎవరికీ చిక్కకుండా తిరిగినవాళ్లకు అడ్డుపడింది రాత్రి డ్యూటీలో ఉన్న మామూలు పోలీసులే.

అందుకే అడుగుతున్నా. ఇవాళ రాత్రి హైవే మీది ఏ బస్టాండ్‌కైనా పోయి చూడండి. విజయవాడ బస్సులు వరసబెట్టి వచ్చే టైంలో లాఠీ పట్టుకుని, రోజు లెక్కన జీతం తీసుకునే హోంగార్డు ఒక్కడే కనబడతాడు. ఆయనకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఏదీ? గాయపడితే బతికించే ట్రామా వైద్యం దగ్గర్లో ఎక్కడుంది? వైమానిక దాడి జరిగితే జనం ఏం చేయాలో నేర్పే ఆపరేషన్ అభ్యాస్ మాక్ డ్రిల్ 2025 మే 7న హైదరాబాద్‌లో చేశారు, మంచిదే. సైరన్ మోగితే ఎటు పోవాలో సాగర్ డ్యామ్ పక్కనే ఉండే హిల్ కాలనీ వాళ్లకు కూడా నేర్పించండి.

మా దగ్గర భద్రత పేరుతో ఎక్కువ కనబడేది మాత్రం కార్డన్ సెర్చ్. ఇంకా తెల్లారకముందే గల్లీకి రెండు వైపులా జీపులు అడ్డం పెడతారు. లుంగీ మీదనే బయటికొచ్చిన మనిషి ఆర్‌సీ కోసం బీరువా అంతా గుల్ల చేస్తుంటాడు. మంచం మీదున్న ముసలామెను కూడా లేపి ఆధార్ అడుగుతారు. మర్నాడు పేపర్లో ‘పత్రాలు లేని బైకులు స్వాధీనం’ అని ఫొటో వస్తుంది. బైకులు పట్టుకోవడానికి ఇళ్లలోకి రావడం ఎందుకో నాకైతే అర్థం కాదు. పైగా ఎప్పుడూ బస్తీలకే వస్తారు, విల్లాల గేటు దాకా ఒక్కసారి పోయింది లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సోదా చేస్తే వీడియో తీయాలంటోంది. ఆ వీడియోతో పాటు, ఏ సమాచారం మీద, ఎవరి ఆర్డర్‌తో వచ్చారో రాతపూర్వకంగా ఉండేలా చూడండి. ఇవాళ కోపం తెప్పించిన గల్లీ, రేపు కొత్త మనిషి అద్దెకు దిగితే స్టేషన్‌కు ఫోన్ చేస్తుందా?

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. ఆ ఎస్సై చనిపోయిన ఏప్రిల్ 7నే, ఉగ్రవాద కేసుల్లో వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే హతమయ్యారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. ఫొటోల్లో చేతులకు బేడీలు కనబడ్డాయి. వాళ్లు మంచోళ్లని నేననడం లేదు, అది తేల్చాల్సింది కోర్టు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు చూడండి. 2013లో బాంబులు పేలితే 2016లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆలస్యమైందని తిట్టుకున్నాం గానీ, ఆ తీర్పు మీద ‘నిజంగా ఏం జరిగింది’ అని అడగాల్సిన పని ఎవరికీ పడలేదు.

ఆలేరు ఘటన మీద అప్పటి ప్రభుత్వం సిట్ వేసింది. ఆ సిట్ ఏం తేల్చిందో వచ్చే సమావేశాల్లో అసెంబ్లీ ముందు పెట్టండి. అదే రోజు, రాత్రి డ్యూటీ పోలీసులకు ఎన్ని జాకెట్లు ఇచ్చారో కూడా చెప్పండి.

ఇట్లు,
సూర్యాపేట వాసి