హాజరు తర్వాత, ముందు ల్యాబ్ తెరిపించండి

అనంతపురం,
జూలై 2021

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నేను ఈ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆన్‌లైన్ చదువులతో పిల్లలకు శ్రద్ధ పోయిందని పెద్దలు తరచూ అంటున్నారు. క్లాసులో చూస్తే అట్లానే ఉంటుంది. పేరు పిలిస్తే ‘ప్రజెంట్ సార్’ అంటారు, ఆ వెంటనే మైక్ ఆపేస్తారు. మధ్యలో ప్రశ్న వేస్తే పలికేది ముగ్గురో నలుగురో, వాళ్లూ టౌన్‌లో ఉండేవాళ్లే.

కళ్యాణదుర్గం వైపు ఊరి నుంచి చదివే ఒక అమ్మాయి మొదట్లో సిగ్నల్ కోసం వాటర్ ట్యాంక్ మెట్లెక్కి కూర్చునేది. ఈ జూన్ నుంచి క్లాసు చేనిలోనే. శెనక్కాయ విత్తే అదును, కూలోళ్లు దొరకరు. చెవిలో ఇయర్‌ఫోన్, ఒళ్లో విత్తనాలు. రిజిస్టర్‌లో ఆమె హాజరే. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో తమ్ముడికి ఇంటర్ క్లాసు ఉంటే డిగ్రీ అన్న గైర్హాజరు. పాఠాన్ని చిన్న చిన్న ఆడియోలు చేసి వాట్సాప్‌లో పెట్టడం మొదలుపెట్టాక, రాత్రి పదకొండు దాటినాక డౌట్లు వస్తున్నాయి. శ్రద్ధ లేని పిల్లలు ఆ వేళప్పుడు అడుగుతారా?

2019లో చేరిన బ్యాచ్‌ది ఇంకో కష్టం. రెండో సెమిస్టర్ మధ్యలో, 2020 మార్చిలో లాక్‌డౌన్. నవంబరులో కాలేజీలు తెరిచారు, ఈ వేసవిలో మళ్లీ మూత. టైట్రేషన్‌ను, అంటే యాసిడ్‌లో క్షారాన్ని చుక్క చుక్కగా వేసి గాఢత కనుక్కునే ప్రయోగాన్ని, వాళ్లు వీడియోలోనే చూశారు. ఫినాఫ్తలీన్ అనే రంగు సూచిక వేసిన యాసిడ్ లేత గులాబీ తిరగ్గానే, క్షారం పోసే బ్యూరెట్ గొట్టం కుళాయి కట్టేయాలి, ఒక్క చుక్క ఎక్కువైనా ముదురు రంగొస్తుంది. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆగడం వీడియోతో రాదు. తెరిచిన ఆ కొన్ని నెలల్లో ఒకబ్బాయి బ్యూరెట్ పట్టుకుని, “ఇది ఎట్ల తిప్పల్ల సార్?” అన్నాడు. ల్యాబ్ రికార్డు పుస్తకం మాత్రం రీడింగులతో సహా రాసేసి ఉన్నాడు. ఆ రీడింగులు ఎక్కడి నుంచి వచ్చాయో మీరూ ఊహించగలరు.

అందుకే అడుగుతున్నా. కాలేజీలు తెరవగానే థియరీ పక్కనపెట్టి మొదటి నెలంతా ల్యాబులే పెట్టించండి, చిన్న బ్యాచ్‌లుగా. హాస్టళ్లు కూడా అదే రోజు తెరవాలి, లేకపోతే పల్లెల పిల్లలు రాలేరు. ఫీజు పథకానికి 75 శాతం హాజరు కావాలన్న నిబంధనను ఈ ఆన్‌లైన్ నెలలకు వర్తింపజేయొద్దు. ఆ భయం ఉన్నంతకాలం పిల్లలు లాగిన్ అయి ఫోన్ గట్టు మీద పెట్టి పనిలోకి పోతారు. పల్లెల్లో సిగ్నల్ బాగుపడేదాకా లైవ్ క్లాసుతో పాటు రికార్డు చేసిన పాఠం కూడా ఇవ్వాలని కాలేజీలకు ఒక సర్క్యులర్ చాలు.

మూడో ఏడాది సిలబస్ ఈసారి కొంత వెనకబడుతుంది. దాన్ని మేం సర్దుకుంటాం.

ఇట్లు,
ఒక డిగ్రీ లెక్చరర్