నీ మూత కనిపించిందిరా!

ఒరేయ్ మూతగా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్ళు మామూలే. అవన్నీ అలా ఉంచు.

మొన్న ఎక్స్‌రే గదిలో నీ మూత కనిపించిందిరా! క్యాన్సర్‌కి బిల్‌రోత్ అనే సర్జన్ స్వరపేటిక మొదటిసారి తీసింది 1873లో అని చదువుకునే రోజుల్లో టకటకా చెప్పేసి, మింగేటప్పుడు ఆ పేటికని మూసే ఎపిగ్లాటిస్ పేరు మాత్రం గుర్తురాక "మూత సార్" అన్నావే, అదే. ఎవరి గొంతులోననుకున్నావు? పేటిక మొత్తం తీసేసిన పెద్దాయన గొంతులో! పేటికతోపాటే మూతా పోవాలి కదా?

ఆపరేషనై ఏడాది దాటింది. ఊపిరంతా మెడ మీది రంధ్రం నుంచే. పలక మీద "బాగానే తింటున్నాను" అని రాశాడు. నేనూ సరే అనేశాను. గాలి దారి, తిండి దారి వేరైపోయాయి, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయే భయం లేదని ధీమా. (మాట కోసం ఆ రెండు దారుల మధ్య వాల్వు పెట్టించుకుంటే అది లీకవొచ్చు, అందుకే వాళ్ళకి రంగు నీళ్ళు తాగించి చూస్తాం. ఈయనకి వాల్వు లేదు.) ఫైలు మూస్తుంటే వాళ్ళావిడ "భోజనానికి ఎంతసేపు పడుతుందో అడగండి" అంది. గంటంపావు! ముద్దముద్దకీ నీళ్ళు. నలుగురితో కూర్చుని తినడమే మానేశాడట. నేను మొదట అడగాల్సిన ప్రశ్నరా అది. సిగ్గేసింది.

ఎక్స్‌రేలో కనిపించే బేరియం మందు మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీశాం. పల్చటిది జర్రున దిగింది. తర్వాత బేరియం పూసిన బిస్కెట్ ఇచ్చాం. పక్కనుంచి చూస్తే నాలుక మొదట్లో నిక్కబొడుచుకుని నీ మూత! దాని ముందు సందులో సగం బిస్కెట్ ఇరుక్కుంది. మళ్ళీ మింగాడు, మళ్ళీ... కదల్దే. నిజానికి అది కుట్లు వేసిన చోట లోపలి పొర మడతపడి లేచిన తెర. సూడో ఎపిగ్లాటిస్, అంటే దొంగ మూత, అంటారే, పుస్తకంలో ఒక్క లైను, మనం దాటేసిన లైను.

వీడియో ఆయనకీ చూపించాను. చాలాసేపు చూసి పలక మీద "అయితే నా తప్పు కాదన్నమాట" అని రాశాడు. ఏడాదిగా తనకే మింగడం చేతకావట్లేదనుకున్నాడురా. ఏమనాలో తోచలేదు.

కింద ఇంకో ఇరుకు కూడా ఉందని అనుమానం. సర్జన్ చూస్తానన్నారు. ఇరుకైతే సాగదీస్తారు, మడతనేమో... అరే, పిలుస్తున్నారు. ఇది ఇప్పుడే పోస్టులో వెయ్యకపోతే ఇంకో రెండు నెలలు