కోర్టు ఎదుటి టైపింగ్ షాపు బాబాయి గారికి

నిన్న మధ్యాహ్నం నా విడాకుల డిక్రీ అయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం కాదు, ఏడుపూ కాదు, ఊరికే ఒళ్ళు నొప్పులు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను, రేపటి నుంచి మళ్ళీ స్కూలు, పాప, దిద్దాల్సిన పేపర్లు.

ముందే ఒక మాట. ఆయన గురించి ఇందులో ఏమీ ఉండదు. నేవీలో పనిచేస్తారు, నా కూతురికి తండ్రి, అంతవరకే. చివరికి ఇద్దరం ఒప్పుకునే విడిపోయాం. తప్పెవరిది అని నన్ను అడగొద్దు, ఆయన్ని అసలే అడగొద్దు.

అమ్మ, నాన్న, తమ్ముడు, మరదలు పాపని చూసుకున్నారు, నన్నూ చూసుకున్నారు. థాంక్స్ చెబితే అమ్మ తిడుతుంది.

నేను చెప్పాలనుకున్నది బాబాయి గారి గురించి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కోర్టు ఎదుటి సందులో ఒక టైపింగ్ షాపు ఉంది. ఓ జెరాక్స్ మెషీను, ఓ పాత కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఆయనే. టెక్కలి వైపు మనిషి. నేవీలో రైటర్‌గా, అంటే ఆఫీసు కాగితాలు చూసే సెయిలర్‌గా పనిచేసి రిటైరయ్యారు.

ఆయన షాపుకి నేను వెళ్ళిన రోజు ఎలాంటిదో చెప్పాలి. కేసు నడుస్తున్నన్నాళ్ళూ నాకూ పాపకీ నెలనెలా ఇంత ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 24, 26 సెక్షన్ల కింద మధ్యంతర ఆర్డరు వచ్చింది. ఇద్దరం ఆస్తులు, ఆదాయం అఫిడవిట్లు వేశాం. 2020లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి అవి వెయ్యాల్సిందే. కాబట్టి జీతం ఎంతో దాపరికం లేదు. ఆర్డరు చేతికి వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. జీతం జప్తు చెయ్యమని పిటిషను వేస్తే అది వాపసు వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ జీతభత్యాలను కోర్టు జప్తు చెయ్యడానికి వీల్లేదట. ఆ వాపసు కాగితమే జెరాక్స్ తీయించడానికి వెళ్ళాను. స్కూలు ఫీజు కట్టమని పాప క్లాసు టీచరు పంపిన మెసేజ్ ఫోన్‌లో అలాగే ఉంది.

బాబాయి గారు కాగితం మెషీను మీద పెట్టబోతూ చదివారు. చదవకూడదు నిజానికి, కానీ చదివారు.

"ఏటమ్మా, నేవీయా?"

అవునన్నాను.

"షిప్పా, షోరా? అంటే ఓడ మీదా, ఒడ్డు మీద డ్యూటీయా?"

షిప్పు మీదే అన్నాను. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "ఇది జడ్జి గారి తప్పు కాదు, మీ లాయరు తప్పూ కాదు. నేవీ వాడి జీతం కోర్టు ముట్టుకోకూడదు. నేవీ ముట్టుకోవచ్చు. తలుపు ఇటు కాదు తల్లీ, అటు" అన్నారు.

నేవీ యాక్టు 1957లో 31వ సెక్షన్. భార్యాబిడ్డల్ని పోషించే బాధ్యత బయటి మనిషికి ఎంతో నావికుడికీ అంతే అని మొదట చెబుతుంది. డిక్రీ అమలు పేరుతో అతన్ని గానీ అతని జీతాన్ని గానీ కోర్టు పట్టుకోకూడదని ఆ వెంటనే అంటుంది. ఆ తర్వాతి భాగం మాత్రం నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పోషణకి కోర్టు ఆర్డరు ఉంటే, దాన్ని చూసి కేంద్ర ప్రభుత్వమో, నేవీ చీఫో, నియమాల్లో చెప్పిన అధికారో జీతంలో కొంత కోసి భార్యాబిడ్డలకి ఇమ్మని ఆదేశించవచ్చు. బాబాయి గారు ఇదంతా పుస్తకం తియ్యకుండా చెప్పారు. ఎంత కోస్తారన్నదానికి కూడా నియమాల్లో హద్దు ఉంటుందనీ, కోర్టు వేసిన మొత్తం పూర్తిగా రాకపోవచ్చనీ, ఆశ ఎక్కువ పెట్టుకోవద్దనీ కూడా అప్పుడే చెప్పారు.

నేవీకి పంపాల్సిన అర్జీ ఆయనే టైపు చేశారు. మొదటి లైనులోనే ఆగి నా వైపు తిరిగి, "ఇంటిపేరు ఏది వెయ్యమంటావమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఆర్డర్లో ఉన్నది వెయ్యాలి కదండీ" అన్నాను.

"అది ఎలాగూ వెయ్యాలి. దాని తర్వాత అలియాస్ అని పెట్టి నీది కూడా వేద్దామా అని అడుగుతున్నాను. నీ ఇష్టం."

అంతే. అక్కడే ఏడ్చేశాను, కస్టమర్లు ఉన్నారని కూడా చూడకుండా. ఇంటిపేరు నాకు అంత ముఖ్యమని కాదు. కేసు మొదలైన దగ్గర్నుంచి అందరూ నాకు చెప్పేవాళ్ళే. ఇక్కడ సంతకం పెట్టు, ఇది రాయకు, ఆ మాట అనకు, సర్దుకుపో, సర్దుకుపోకు. నీ ఇష్టం ఏమిటి అని అడిగింది ఎవరంటే, పేజీకి ఇంత అని తీసుకుని టైపు చేసే ఒక ముక్కూ మొహం తెలియని మనిషి.

ఆయన కంగారు పడలేదు, ఓదార్చనూ లేదు. ఫ్యాను నా వైపు తిప్పి, నా ఏడుపు అయ్యేదాకా వేరేవాళ్ళ అగ్రిమెంటు ఏదో టైపు చేసుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ నా ఫైలు తెరిచారు. నా పేరు రెండు రకాలుగానూ పడింది.

డబ్బులు తీసుకోలేదు. గొడవ పడ్డాను కూడా. అప్పుడు ఒక మాట అన్నారు. "ఓడ మీద ఉన్నప్పుడు ఇలాంటి సమన్లు మా దగ్గరికే వచ్చేవి. సెయిలర్‌కి సమన్లు అతని కమాండింగ్ ఆఫీసర్ ద్వారానే ఇవ్వాలి కదా. కుర్రాళ్ళని పిలిచి సంతకం పెట్టించి పంపించేసేవాణ్ణి. ఆ కాగితానికి అటు పక్కన ఎవరున్నారో ఒక్కనాడూ ఆలోచించలేదమ్మా."

ఇంకేం మాట్లాడతాను.

కోర్టు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ జత చేసి, అర్జీ రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపమన్నారు. నేవీ బేస్ గేటు దగ్గరికి వెళ్ళి నిలబడితే పాస్ లేనిదే లోపలికి రానివ్వరు, ఎండలో నిలబడటమే మిగులుతుందన్నారు. అర్జీలో తిట్లు ఒక్కటీ ఉండకూడదన్నారు. నెంబరు, ర్యాంకు, షిప్పు పేరు, ఆర్డరు తేదీ, బకాయి, బ్యాంకు ఖాతా. "జవాబు రాయాల్సినవాడు చదవగానే ఫైలు కట్టగలగాలి. కోపం ఉంటే ఇంట్లో రాసుకో" అన్నారు. కొన్ని నెలలకి డబ్బు పడటం మొదలైంది. కోర్టు చెప్పినంత కాదు, కానీ నెలనెలా పడింది. మొదటిసారి పడిన రోజు షాపుకి స్వీట్లు తీసుకెళితే షుగర్ అన్నారు.

ఇక్కడ ఒకటి అనకుండా ఉండలేను. అదే పాప తండ్రి మామూలు ఉద్యోగం చేస్తూ ఉంటే, పోషణ డిక్రీకి జీతంలో మూడో వంతు వదిలి మిగతాది కోర్టే జప్తు చెయ్యొచ్చు. సైన్యంలో ఉన్నవాళ్ళకి రక్షణ ఉండాలి, కాదనను. సముద్రం మీద ఉన్నవాడి వెనకాల ఎక్స్‌పార్టీ డిక్రీలు, అంటే అతను కోర్టుకి రాకుండానే తీర్పులు, ఇచ్చేస్తే అన్యాయమే, దానికి 1925 నుంచే చట్టం ఉంది. లీవు సర్టిఫికెట్ చూపిస్తే ఆ లీవులోపే వీలైనంతవరకు కేసు విచారించాలని నేవీ యాక్టులోనే ఉంది. అదీ సబబే. మరి నా క్యాజువల్ లీవులకి ఏ సెక్షను? వాయిదాకి పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుని, అవతలి వైపు షిప్పు సెయిలింగ్‌లో ఉందంటే మళ్ళీ తేదీ తీసుకుని రావడమేనా?

అర్జీ పంపాక జరిగినదీ చెబుతాను. ఒక ఆఫీసు వాళ్ళు, నేను పంపిన కాపీ మీద సీలు సరిగా లేదన్నారు. ఇంకో చోట ఆయనకి పోస్టింగ్ మారింది, కొత్త చోటికి పంపుకోండి అన్నారు. పోస్టింగ్ ఎక్కడికో నాకెలా తెలుస్తుంది? పోషణ ఆర్డరు వేసిన రోజే ఒక కాపీ కోర్టు నుంచి నేరుగా ఆ అధికారికి వెళ్ళిపోతే ఏం పోతుంది? ఆ కాగితం ఆడదే మోసుకుని తిరగాలా? నేను టీచర్ని, ఇంగ్లీషులో రాసింది చదువుకోగలను. మల్కాపురంలో నాకు తెలిసిన అమ్మాయి ఉంది, పదో తరగతి మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకుని వచ్చింది. తనకి ఆ 60వ సెక్షన్ ఎవరు చెబుతారు, 31వ సెక్షన్ ఎవరు చెబుతారు? అందరి దారిలోనూ బాబాయి గారి షాపు ఉండదు.

సరే. కోపం ఇంట్లో రాసుకోమన్నారు కదా.

చివరిలో ఇద్దరం ఒక అంగీకారానికి వచ్చాం, కేసుని హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకి మార్చారు. ఇద్దరూ కలిసి కోర్టుని విడాకులు అడిగే మొదటి మోషన్‌కీ, అదే మాట మళ్ళీ చెప్పే రెండోదానికీ మధ్య ఆరు నెలలు ఆగాలి. విడిగా ఉండి చాలా కాలమై, పాప సంగతీ డబ్బు సంగతీ తేలిపోయి, ఇక కలిసే వీల్లేదని స్పష్టమైతే ఆ గడువు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు మాఫీ చేశారు. ఆయన లీవులోనే పని అయిపోయింది.

అయ్యో, అసలు మా లాయరు మేడం గారిని మరిచిపోయాను! ఆ మాఫీ పిటిషను ఆవిడే వేశారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి వచ్చారు, నా దగ్గర ఫీజు లేదు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. అవసరమైనవాళ్ళు 15100కి ఫోన్ చెయ్యండి. మేడం గారూ, మీ పేరు పైన రావాల్సింది, ఏమీ అనుకోకండి.

థాంక్స్ ఇంకా కొందరికి చెప్పాలి. మా హెడ్మిస్ట్రెస్ గారికి, వాయిదా ఉన్న ప్రతిసారీ నా పీరియడ్లు తీసుకున్న సైన్సు టీచర్‌కి. మీడియేషన్ గదిలో పాపకి రంగు పెన్సిళ్ళు ఇచ్చిన కౌన్సిలర్ గారికి. మా కేసు పిలిచినప్పుడు నేను బాత్రూంకి వెళితే "వస్తారండీ, ఇక్కడే ఉన్నారు" అని లేచి చెప్పిన పక్క బెంచీ పెద్దావిడకి, ఆవిడ ఎవరో తెలియదు. ఫోన్ పెట్టెయ్యకుండా కొత్త యూనిట్ అడ్రసు చెప్పిన ఆ అబ్బాయికి, ఆయన హిందీలో చెప్పారు, నేను తెలుగులో ఏడ్చాను.

బాబాయి గారూ, సర్టిఫైడ్ కాపీ రాగానే షాపుకి వస్తాను, స్కూల్లో, బ్యాంకులో పేరు మార్పుకి అర్జీలు టైపు చెయ్యాలి. ఈసారి డబ్బులు తీసుకోవాలి. ఇంకొకరు, ఆ జెరాక్స్ కుర్రాడు, చిల్లర లేనప్పుడల్లా "తర్వాత ఇద్దురులే అక్కా" అన్నాడు. నీకు ఎంత ఇవ్వాలో లెక్క చెప్పు నాన్నా.