ఒరేయ్, నీ నవలకి ఏ సాఫ్ట్‌వేర్ అంటే...

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవల మళ్ళీ పట్టుకున్నావని చదివి సంబరపడ్డాను. రెండోసారి చివరి పేరా దగ్గర ఆగిపోయాను. రెండు వారాల్లో ఆరు సాఫ్ట్‌వేర్‌లు డౌన్‌లోడ్ చేశావు, ఆరింటికీ వీడియోలు చూశావు, నవల మాత్రం ఒక్క పేజీ కూడా కదల్లేదన్నావు. ఉచితంగా దొరికేవాటిలో ఏది మంచిదో నన్నే తేల్చి చెప్పమన్నావు. తేల్చే చెప్తాను. కాకపోతే కాస్త పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదు.

నా మొదటి నవల గుర్తుందిగా, మనసు రాక మధ్యలో ఆపేశానని అందరికీ చెప్పింది? అసలు జరిగింది అది కాదు. అప్పట్లో ఒక చిన్న ఉచిత ప్రోగ్రాంలో రాసేవాణ్ణి. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేది. పక్కన పాత్రల బొమ్మలు, కింద రంగురంగుల కార్డులు. పద్నాలుగు అధ్యాయాలు అందులోనే రాశాను. ఒకరోజు కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక అది తెరుచుకోవడం మానేసింది. దాన్ని తయారుచేసినవాళ్ళు అప్పటికే దాన్ని వదిలేశారు. ఫైల్ నా దగ్గర భద్రంగానే ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చతురస్రాలు, ప్రశ్నార్థకాలు, మధ్యమధ్యలో ఎక్కడో ఒక తెలుగు అక్షరం. అక్కకి చదవమని పీడీఎఫ్ చేసి పంపిన ఆరు అధ్యాయాలు మిగిలాయి, ఎనిమిది పోయాయి. మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. ఒకసారి రాసేసిన వాక్యం మళ్ళీ రాదురా. దాని పోలికతో ఏదో వస్తుంది, ఇది అది కాదని మనసుకి తెలుస్తూనే ఉంటుంది.

అందుకని ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నా మొదట ఒకటే చూస్తాను: ఇది రేపు మాయమైపోతే నా రాత నాకు దక్కుతుందా? దీనికి వీడియోలు చూడక్కర్లేదు, పది నిమిషాలు చాలు. రెండు చిన్న సన్నివేశాలు టైప్ చెయ్యి. సేవ్ చేసి ఆ ప్రోగ్రాం మూసెయ్యి. ఆ ఫైల్ కంప్యూటర్‌లో ఎక్కడుందో వెతికి పట్టుకుని వేరే ప్రోగ్రాంతో తెరువు. నీ వాక్యాలు కనిపించాయా, దాన్ని ఉంచుకో. కనిపించలేదా, అందులో ఎన్ని అందాలున్నా తీసెయ్యి. నువ్వు దించుకున్న ఆరింటినీ ఒక్క సాయంత్రంలో ఇలా జల్లెడ పట్టొచ్చు.

ఆ రెండు సన్నివేశాలూ తెలుగులోనే టైప్ చెయ్యి, అదీ కావాలని కష్టమైన మాటలతో. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి రాసి చూడు, ఒత్తులు విడిపోతున్నాయేమో తెలుస్తుంది. తర్వాత "వసంత్‌కి" అని రాయి. ఇక్కడ పొల్లు తకీ కికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, రెండూ కలిసిపోకుండా ఆపేది అదే. కొన్ని ప్రోగ్రాంలు ఫైల్‌ని ఎగుమతి చేసేటప్పుడు దాన్ని మింగేస్తాయి. అప్పుడు నీ పాత్ర పేరు "వసంత్కి" అయిపోతుంది. మూడొందల పేజీల్లో అవన్నీ వెతికి సరిచేయడం ఎంత నరకమో నేను చూశాను.

ఉచితం అనేదాంట్లోనూ రెండు రకాలున్నాయి. డబ్బు తీసుకోకపోవడం ఒకటి, సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాంని తయారుచేసిన అసలు రాత, అందరికీ తెరిచి ఉంచడం ఇంకొకటి. నాకు రెండోదంటేనే ధైర్యం. 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాం మీద పనిచేసేవాళ్ళలో చాలామంది బయటికొచ్చి, అదే కోడ్ తీసుకుని లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. అందులో రాసుకునేవాళ్ళ ఫైళ్ళకి ఏమీ కాలేదు. కోడ్ మూసి ఉంటే అలా చేయడానికి వీలుండేదే కాదు.

లిబ్రేఆఫీస్ ఎలాగూ వచ్చింది కాబట్టి దాని సంగతి చెప్తాను. దాన్ని "ఆఫీసు పనులకి" అని పక్కన పెట్టేశావు కానీ, నవలకి కావాల్సినది అందులో చాలా ఉంది. దాని ఓడీటీ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే లోపల నీ వాక్యాలన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. ఆ ఫార్మాట్ 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం కూడా. అధ్యాయం పేరు రాసేటప్పుడు అక్షరాలు ఊరికే పెద్దవి చేసి వదిలెయ్యకుండా "హెడింగ్ 1" స్టైల్ పెట్టు, సన్నివేశానికి "హెడింగ్ 2" పెట్టు. తర్వాత ఎఫ్5 నొక్కితే నావిగేటర్ తెరుచుకుంటుంది. నవల మొత్తం అస్థిపంజరంలా కనిపిస్తుంది. ఏడో అధ్యాయాన్ని మౌస్‌తో పట్టుకుని నాలుగో అధ్యాయం మీదకి లాగితే, కింద ఉన్న సన్నివేశాలతో సహా మొత్తం కదిలి వెళ్తుంది. కట్, పేస్ట్ చేస్తూ సగంలో ఫోన్ మోగి ఏం కట్ చేశామో మర్చిపోయే బాధ ఉండదు.

ఒక్క చోట మాత్రం తెలుగువాళ్ళందరూ తికమకపడతారు. స్టైల్‌లో ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు కదలవు. ఫాంట్ పాడైందనుకుంటాం. అక్కడ ఇంగ్లీషు లాంటి లిపులకి ఒక ఫాంట్, మన లిపుల్లాంటి వాటికి ఇంకో ఫాంట్ విడివిడిగా పెట్టాలి. ముందు సెట్టింగుల్లో, భాషల దగ్గర "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" అనేదానికి టిక్ పెడితే ఆ రెండో అర కనబడుతుంది. అక్కడ నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంట్ పెట్టుకుని చూడు, పేజీ ఎంత హాయిగా ఉంటుందో.

ఇప్పుడు నేను వాడేదాని గురించి. నావెల్‌రైటర్ అని ఉంది. నీ ఆరింటిలో ఇది లేదు, అది చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఇది కోడ్ తెరిచి ఉంచిన ప్రోగ్రాం, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. తెరవగానే పేలవంగా కనిపిస్తుంది. ఎడమవైపు ఒక చెట్టు లాంటి జాబితా, మధ్యలో రాసుకునే చోటు, అంతే. వాలు అక్షరాలు, బొద్దు అక్షరాలు తప్ప అలంకారాల జోలికి పెద్దగా పోదు. కానీ ప్రతి సన్నివేశాన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌గా డిస్క్ మీద ఉంచుతుంది. ఫైల్ పేర్లు గజిబిజి అంకెలూ అక్షరాలూ అనుకో, అయినా ఏ నోట్‌ప్యాడ్‌తో తెరిచినా పైవరుసల్లోనే సన్నివేశం పేరు ఉంటుంది, కింద నీ తెలుగు ఉంటుంది. ఆ దెబ్బ తిన్న తర్వాత మొదటిసారి ఆ ఫోల్డర్ తెరిచి చూసినప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను.

అందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. పేరు ముందు హ్యాష్ గుర్తు (#) రెండు పెడితే అధ్యాయం, మూడు పెడితే సన్నివేశం. దాని కింద చిన్న చిన్న వరుసల్లో ఈ సన్నివేశం ఎవరి కళ్ళతో నడుస్తోంది, ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ జరుగుతోంది అని రాసుకోవచ్చు. ఆ వరుసలన్నిటినీ ఏరి అవుట్‌లైన్‌లో ఒక పట్టికగా చూపిస్తుంది. నా నవలలో తల్లి పాత్ర తొమ్మిదో అధ్యాయం నుంచి పదిహేనో అధ్యాయం దాకా ఒక్కసారి కూడా కనిపించలేదని ఆ పట్టిక చూశాకే తెలిసింది. ఆమె చావు పదహారో అధ్యాయంలో. చదివేవాడికి ఎందుకు బాధ కలుగుతుంది చెప్పు? పన్నెండో అధ్యాయంలో ఆమె కిటికీ దగ్గర కూర్చుని చొక్కా గుండీ కుట్టే చిన్న సన్నివేశం పెట్టాను. ఇప్పుడు పుస్తకం మొత్తంలో నాకు ఇష్టమైనది అదే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వైరైటర్ మంచిదే. సైమన్ హేన్స్ అనే నవలా రచయితే, ప్రోగ్రామర్ కూడా కాబట్టి, తన పుస్తకాల కోసం చేసుకున్నాడు. అధ్యాయాలు, సన్నివేశాలుగా విడగొట్టి రాయడం దాని పద్ధతి. ప్రధానంగా విండోస్ కోసం చేసింది. మాన్యుస్క్రిప్ట్ అనేది ముందు ఒక వాక్యంలో కథ, తర్వాత పేరా, తర్వాత పేజీ అంటూ పెంచుకుంటూ పోయేవాళ్ళకి సరిపోతుంది. నువ్వు అలా రాయవు, కాబట్టి వదిలెయ్. బిబిస్కో పాత్ర గురించి బోలెడు ప్రశ్నలు అడుగుతుంది. పాత్ర అంతుపట్టనప్పుడు ఆ ప్రశ్నలు నిజంగా పనికొస్తాయి, వాటిని కాగితం మీద దించుకున్నా చాలు. ఫోకస్‌రైటర్ స్క్రీన్ మొత్తం ఆక్రమించి మెనూలన్నీ దాచేస్తుంది. ఓడీటీలోనే సేవ్ చేస్తుంది కాబట్టి లిబ్రేఆఫీస్‌తో జంటగా బాగుంటుంది. నోటిఫికేషన్లు చూడకుండా ఉండలేనన్నావు కదా, పొద్దున రాసుకునేటప్పుడు అది వాడి చూడు. అబ్సిడియన్‌కి డబ్బు కట్టక్కర్లేదు గానీ కోడ్ తెరిచి ఉండదు. అయినా ఫైళ్ళు మామూలు టెక్స్టే కాబట్టి నా పరీక్షలో నెగ్గింది. దాంట్లో ప్లగిన్లు, అంటే అదనంగా తగిలించుకునే హంగులు, సర్దుకుంటూ కూర్చుంటే నీలాంటివాడికి ఇంకో రెండు వారాలు పోతాయి, అదే నా భయం. స్క్రివెనర్ అందరూ మెచ్చుకునేదే, కాకపోతే ట్రయల్ అయ్యాక కొనుక్కోవాలి కాబట్టి ఇందులోకి రాదు.

గూగుల్ డాక్స్ గురించి ప్రత్యేకంగా అడిగావు. చదివి అభిప్రాయం చెప్పేవాళ్ళకి పంపడానికి దానికి మించింది లేదు. పక్కన వ్యాఖ్యలు రాస్తారు, మార్పులు సూచిస్తారు, పాత రూపాలన్నీ హిస్టరీలో ఉంటాయి. నోటితో చెప్తే తెలుగులో టైప్ చేస్తుంది కూడా. సంభాషణలు రాసేటప్పుడు నేను అలా పైకి మాట్లాడే రాస్తాను. కానీ ఒక డాక్యుమెంట్‌లో 10.2 లక్షల అక్షరాల దాకానే పడతాయి. అంతకన్నా ముఖ్యం, అకౌంట్‌కి ఏదైనా అయితే నవలకీ అదే అవుతుంది. అసలు ప్రతి అక్కడ ఉంచకు, నకలు మాత్రమే పెట్టు.

రోజుకి ఇన్ని పదాలు అని లక్ష్యం పెట్టుకునే సదుపాయం వీటిలో చాలావాటికి ఉంది. ఇంగ్లీషువాళ్ళు చెప్పే లెక్క చూసి టెన్షన్ పడకు. "రాలేకపోతున్నానంటున్నాడు" అన్నది మనకి ఒక్క పదం. ఇంగ్లీషులో అదే మాటకి ఆరేడు పదాలు పడతాయి. వాళ్ళు రోజుకి వెయ్యి పదాలంటే, నువ్వు అందులో చాలా తక్కువకే అంత కథా రాసేసినట్టు. నేను నాలుగొందలు పెట్టుకున్నాను.

పేర్లు మార్చేటప్పుడు జాగ్రత్త. మొన్న కథానాయిక పేరు రమ నుంచి సుధకి మార్చాలనిపించి, "అన్నీ మార్చు" బటన్ నొక్కాను. "పరమ" కాస్తా "పసుధ" అయింది. "శ్రమ" లోపల కూడా ర, మ పక్కపక్కనే ఉంటాయి కదా, అదీ ముక్కలైంది. పూర్తి పదాలే మార్చమందామంటే "రమకి", "రమతో" తప్పించుకుంటాయి. అరగంట ముందు తీసిన బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను. ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చడమే దీనికి మార్గం, అదీ బ్యాకప్ తీసుకున్నాకే.

బ్యాకప్ అంటే మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. నాకు ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్, క్లౌడ్. క్లౌడ్ ఫోల్డర్‌లోనే నేరుగా రాస్తున్నట్టయితే, ఒక కంప్యూటర్‌లో ప్రోగ్రాం మూసి, సింక్ పూర్తయ్యాకే రెండోదాంట్లో తెరువు. లేకపోతే ఒకే అధ్యాయానికి రెండు ఫైళ్ళు తయారై, ఏది కొత్తదో తెలియక రెండూ పక్కపక్కన పెట్టుకుని వరుస వరుసా పోల్చుకోవాల్సి వస్తుంది.

సరే, తేల్చమన్నావు కదా. నువ్వు సన్నివేశాలు వరుసలో రాయవు, ఏది గుర్తొస్తే అది రాస్తావు. నీ ల్యాప్‌టాప్ పాతది. అందుకని చిత్తుప్రతి నావెల్‌రైటర్‌లో రాయి. అంతా అయ్యాక ఓడీటీగా ఎగుమతి చేసి, లిబ్రేఆఫీస్‌లో దిద్దుకో, పేజీలు సర్దుకో. పొద్దున పూటకి ఫోకస్‌రైటర్ కావాలంటే ఉంచుకో, మిగతావన్నీ తీసెయ్యి. నచ్చకపోతే నవల పూర్తయ్యాక మార్చుకోవచ్చు, నీ ఫైళ్ళు నీ దగ్గరే ఉంటాయి కాబట్టి ఎప్పుడైనా మారొచ్చు.

ఇప్పటిదాకా రాసిన నలభై పేజీలూ అందులోకి ఎక్కించడానికి ఒక పూట పడుతుంది. ఆదివారం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి చేద్దాం. ఈలోగా ఒక్క పని చెయ్యి. అన్నాచెల్లెళ్ళు ఇల్లు పంచుకునేటప్పుడు గోడ గడియారం ఎవరికని ఆగిపోయే సన్నివేశం మధ్యలో వదిలేశానన్నావే, దాన్ని ఏదో ఒక ఖాళీ ఫైల్‌లో పూర్తి చేసి నాకు పంపు. ఆ గడియారం ఎవరు తీసుకెళ్ళారో నాకు తెలియాలి.

నీ
నేస్తం