సినిమా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మనం 5 సినిమాలు వేశాం. నాలుగింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉగాది నాడు పిల్లల సినిమాకు సమోసాలు చాలలేదు, అంతే. ఐదోది 'పరైయా' (Pariah) అనే ఇంగ్లీషు సినిమా. ఫ్లయర్ చూసి ఒక పెద్దాయన 'పరాయి' అని చదివారు. అర్థం పెద్దగా మారలేదు లెండి. నిజానికి ఆ ఇంగ్లీషు మాట వెళ్ళింది మన పక్క నుంచే. తమిళనాట పరై డప్పు కొట్టే కులం పేరును తెల్లవాళ్ళు 'వెలివేసినవాళ్ళు' అనే అర్థంలో వాడుకున్నారు.

డీ రీస్ 2011లో తీసిన సినిమా ఇది. బ్రూక్లిన్‌లో ఉండే నల్లజాతి అమ్మాయి అలీకేకి 17 ఏళ్ళు. తాను లెస్బియన్‌నని తనకు తెలుసు, ఇంట్లో చెప్పలేదు. కమిటీ మీటింగ్‌లో పేరు ఎత్తగానే రెండు అభ్యంతరాలు వచ్చాయి. పిల్లలు వచ్చే చోట ఇలాంటివి ఎందుకన్నది ఒకటి. 'ఆర్' రేటింగ్ ఉంది కాబట్టి పెద్దలకు మాత్రమే అని వేశాం. ఇది మన కథ కాదుగా అన్నది రెండోది. దానికి జవాబు మేం చెప్పాల్సిన పని పడలేదు.

ముందు మాట్లాడుకున్న హాలువాళ్ళు కథ సంగతి విని, వారం ముందు కుదరదన్నారు. ఆ వారమంతా ఒకటే టెన్షన్. చివరికి ఒక సభ్యుల ఇంటి బేస్‌మెంట్‌లో వేశాం. డిస్కు కొంటే చాలదా అని అడిగినవారికి ఒక మాట: నలుగురిలో వేయాలంటే ప్రదర్శన హక్కులు విడిగా కొనాలి. ఈ ఏడాది మన పెద్ద ఖర్చు అదే.

రాత్రి క్లబ్బు నుంచి ఇంటికి వస్తూ అలీకే బస్సులోనే టోపీ తీసేసి, వదులు చొక్కా విప్పి, చెవులకు రింగులు పెట్టుకుంటుంది. దిగేసరికి అమ్మకు నచ్చే కూతురు. ఇది చూసి ఒక ఆంటీ, "మేమూ ఇంటి మలుపు దాటాకే రెండు జడలు విప్పి ఒకటి వేసుకునేవాళ్ళం" అన్నారు. అందరం నవ్వాం. ఆ రెండూ ఒకటి కావని ఆవిడకూ తెలుసు, అందుకే కాసేపటికి ఆవిడే నవ్వు ఆపేశారు.

కెమెరామన్ బ్రాడ్‌ఫర్డ్ యంగ్‌కు సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు ఎందుకిచ్చారో చూస్తే తెలుస్తుంది. చోటు మారితే ఆ అమ్మాయి ముఖం మీద వెలుగు రంగు మారిపోతుంది. 5 లక్షల డాలర్లు కూడా దాటని బడ్జెట్‌తో తీసిన ఈ సినిమాను 2022లో అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే భద్రపరచదగ్గ సినిమాల జాబితాలో, చేర్చారు.

చర్చ అరగంట అనుకుంటే గంటన్నర సాగింది. అదీ కూతురి గురించి కాదు, తల్లి ఆడ్రీ గురించి. కూతురికి నచ్చని బట్టలు తనే కొని తెస్తుంది. స్నేహితురాలు లారాతో తిరిగితే చెడిపోతుందని, తెలిసినావిడ కూతురు బీనాతో స్నేహం చేయమంటుంది. అమ్మాయి మనసిచ్చేది ఆ బీనాకే. చివర్లో కూతురు 'ఐ లవ్ యూ' అంటే, 'నీకోసం ప్రార్థిస్తా' అని ఊరుకుంటుంది. ఆడ్రీ మీద కోపం వచ్చిందని కొందరన్నారు. నాకు మాత్రం భయమేసింది, ఆ గొంతు మా ఇంట్లో విన్నదే.

కుర్చీలు మడతపెడుతుంటే ఒకావిడ వచ్చి, ఇది ఇంట్లో చూడాలంటే ఎక్కడ దొరుకుతుందని మెల్లగా అడిగారు. చెప్పాను. మొదటి హాలువాళ్ళ దగ్గర మన అడ్వాన్సు ఇంకా రావాల్సి ఉంది.