మా పేరుతో మీకు వచ్చిన దొంగ మెయిళ్ల గురించి

గత నెల రెండో వారంలో మీలో చాలామందికి మా పేరుతో ఒక మెయిల్ వచ్చింది. పార్సిల్ చిరునామా అసంపూర్తిగా ఉందనీ, 24 గంటల్లో లింకు నొక్కి స్వల్ప రుసుము చెల్లించకపోతే సరుకు వెనక్కి వెళ్లిపోతుందనీ దాని సారాంశం. అది మేము పంపినది కాదు. అయినా అందులో మీ పేరు, ఆర్డరు సంఖ్య, మీరు కొన్న నోటు పుస్తకాల వివరం పొల్లుపోకుండా ఉన్నాయి కనుక, నమ్మినవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇద్దరు కార్డు వివరాలు ఇచ్చేశారు. వారితో నేనే స్వయంగా మాట్లాడాను.

ఆ వివరాలు బయటికి పొక్కింది మా పార్సిళ్లు చేరవేసే సంస్థ నుంచి. అక్కడి ఉద్యోగి ఒకరు ఇలాంటి దొంగ మెయిల్‌నే నమ్మి తన పాస్‌వర్డ్ ఇచ్చారు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ లాంటి మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోలేదు. చొరబడినవారు, ఆ ఖాతాకు వచ్చే ప్రతి మెయిల్ నకలూ తమకు చేరేలా ఫార్వర్డింగ్ ఏర్పాటు చేసుకున్నారు. సంస్థవారు పాస్‌వర్డ్ మార్చి పని ముగిసిందనుకున్నారు; పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఫార్వర్డింగ్ ఆగదు కనుక, మరో తొమ్మిది రోజులు మీ ఆర్డర్ల వివరాలు దొంగల చేతికి వెళ్తూనే ఉన్నాయి. ఇదంతా వారు చెప్పింది కాదు, నేను అడిగి అడిగి రాబట్టింది. ‘ఎవరికైనా జరిగేదే కదా’ అన్నారు. కావచ్చు. ఏడేళ్లలో ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయని నాకు ఒక్క ఫోను చేసి ఆ మాట చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయిందన్నది, ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు మింగుడుపడటం లేదు.

మా తప్పూ ఉంది. కొన్ని మెయిళ్లు అచ్చంగా మా చిరునామా నుంచే వచ్చినట్టు కనిపించాయి. ఒకరి డొమైన్‌ను, అంటే మెయిల్ చిరునామాలో @ తరువాత వచ్చే పేరును, మరొకరు అలా వాడుకోకుండా అడ్డుకోవడానికే డీమార్క్ అనే ఏర్పాటు ఉంది. మేము దాన్ని కేవలం గమనించే స్థాయిలో ఉంచి, తిరస్కరించే స్థాయికి మార్చడం వాయిదా వేస్తూ వచ్చాము, ఇప్పుడు మార్చాము. మిగిలిన మెయిళ్లకు అదీ మందు కాదు. మా పేరులో ‘ఎం’ ఉండవలసిన చోట ఇంగ్లిషు ‘ఆర్’, ‘ఎన్’ చిన్న అక్షరాలను (rn) చూడటానికి ‘ఎం’ (m) లాగే ఉండేలా పక్కపక్కన పెట్టి వేరే డొమైన్ కొన్నారు. ఫోను తెరమీద నేనే రెండుసార్లు చదివి మాదే అనుకున్నాను. లింకు తెరిస్తే వెబ్ చిరునామా పక్కన తాళం గుర్తు కూడా ఉంది. దారిలో ఎవరూ సమాచారం చదవలేరని తప్ప, అవతల ఉన్నది ఎలాంటివారో ఆ గుర్తు చెప్పదు.

నన్ను నిద్రపోనివ్వని సమస్య మరొకటి. మీ అందరినీ ఒకేసారి హెచ్చరించడానికి నాకున్న దారి మెయిల్ ఒక్కటే; మా పేరుతో వచ్చే మెయిల్ నమ్మవద్దని మెయిల్‌లోనే రాస్తే మీరు దేన్ని నమ్మాలి? వాక్యాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి రెండు రోజులు గడిపాను. ఆ ఇద్దరిలో ఒకరు కార్డు వివరాలు ఇచ్చింది ఆ రెండో రోజునే అని తరువాత తెలిసింది. చివరికి లింకు గానీ అటాచ్‌మెంటు గానీ లేకుండా నాలుగు వాక్యాలు పంపాను. ఎన్నో ఏళ్లుగా మా దగ్గర కొంటున్న ఒకావిడ ఫోను చేసి, ‘ఇది కూడా దొంగదేనా?’ అని అడిగారు. మనసు చివుక్కుమంది. కానీ ఆవిడ మెయిల్‌కు బదులివ్వకుండా, పాత బిల్లు తీసి దానిమీది నంబరు చూసి చేశారు; చేయవలసింది సరిగ్గా అదే.

ఇకపై మా మెయిళ్లలో లింకులు ఉండవు. అమ్మకాలు పడిపోతాయని మా వెబ్‌సైటు పనులు చూసుకునేవారు గట్టిగానే వాదించారు. పడిపోతే పడిపోనివ్వండి అన్నాను. ఆర్డరు ఎంతవరకు వచ్చిందో చూడాలంటే మీరే మా చిరునామా టైపు చేసి రావాలి. అదనపు రుసుము మేము మెయిల్‌లో ఎన్నడూ అడగము. కార్డు వివరాలు ఇచ్చినవారు ఇంకెవరైనా ఉంటే, కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోను చేసి దాన్ని వెంటనే ఆపించండి. మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని మార్చడంతో సరిపెట్టకుండా ఫార్వర్డింగ్ సెట్టింగులు కూడా తెరిచి చూడండి.

పాత సంస్థతో ఒప్పందం రద్దు చేసుకున్నాను. కొత్తవారు కుదిరేవరకు పార్సిళ్లు నాలుగైదు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ సంగతి తెలుపుతూ మీకు మా నుంచి మెయిల్ వస్తుంది, అందులో నొక్కడానికి ఏమీ ఉండదు.